తొమ్మిదో తలుపు మీద బొమ్మ

మా అక్కని తలుపు బయట వదిలేసింది మీరు. గుర్తుల శాఖ కాదు, తలుపు యంత్రం కాదు. మీరు. సర్వసభలో చెయ్యెత్తారు, చప్పట్లు కొట్టారు, బయట పెట్టిన పుణుకులు తిని ఇంటికి వెళ్లారు. ఏ బొమ్మకి చెయ్యెత్తారో, అది ఏ తలుపు మీదికి ఎక్కిందో, దాని ముందు ఎవరు ఆగిపోయారో చూడ్డానికి ఒక్కరూ రాలేదు. మీకు గడప దాటడం వచ్చు. మోకాలెత్తు గడప మీద కాలేసి అవతలికి దిగిపోతారు. చూడాల్సిన పని మీకేముంది.

ఇవి మా అక్క తోడు పుస్తకంలో పేజీలు. చక్రాల కుర్చీ తోసేవాళ్లు ఏ రోజు ఎక్కడికి వెళ్లారు, ఏ తలుపు తెరుచుకుంది, ఏది తెరుచుకోలేదు అన్నది రాసి కుర్చీ వెనక సంచిలో ఉంచాలని నియమం. నడిచేవాళ్లకి అలాంటి పుస్తకం లేదు. వాళ్లెక్కడికి వెళ్లారని ఎవరూ అడగరు. శాఖవాళ్లు నెలకోసారి చదువుతామంటారు. ఆరేళ్లలో ఒక్క పేజీ తిప్పిన గుర్తు లేదు. కాబట్టి చింపి మీ గోడలకి అంటిస్తున్నాను. ఏదీ దిద్దలేదు. రోజులు కొత్త బొమ్మ వచ్చిన దగ్గర్నుంచి లెక్క.

1వ రోజు, మంగళవారం

పొద్దున్నే చక్రాల ఇరుసులకి పట్టిన ఉప్పు తుడిచి నూనె వేశాను. సముద్రం ఊళ్ల మీదికి వచ్చేశాక దాని మీదే కట్టుకున్న ఈ మెట్టల్లో అందరం రోజూ చేసే పని అదే, ఉప్పు తుడవడం. అక్కని పక్కకి తిప్పి వీపు తుడిచి కుర్చీలోకి దించాను.

అక్క పేరు వకుళ. యాభై తొమ్మిదేళ్లు. కండరాల జబ్బు. మెడ కొంచెం కదులుతుంది, కుడిచేతి రెండు వేళ్లు కదులుతాయి, నోరు మాత్రం పూర్తిగా కదులుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన కఫం దగ్గి బయటికి తేలేదు. మంగళవారం, శుక్రవారం పదింటికి నాలుగో మెట్ట శ్వాసగదిలో యంత్రం పెట్టి నలభై నిమిషాలు లాగుతారు. మేముండేది మూడో మెట్ట. మధ్యలో తొమ్మిదో వాలు తలుపు. ఆ దారిలో గడప లేని తలుపు అదొక్కటే.

తొమ్మిదింపావుకి తలుపు ముందున్నాం. ఎర్రదీపం. వెనక్కి తోసి మళ్లీ ముందుకి తెచ్చాను. ఎర్రదీపం.

"బొట్టు పెట్టి పిలవాలేమో" అంది అక్క.

అప్పుడు చూశాను. నీలం మీద తెల్ల బొమ్మ మారింది. పాతది నిటారుగా కూర్చునేది, చేతులు కుర్చీ మీద పెట్టుకుని. కొత్తది ముందుకి వంగి ఉంది. మోచెయ్యి వెనక్కి మడిచి చక్రం తోస్తోంది. చక్రంలో వేగానికి గుర్తుగా రెండు కోతలు. తలుపు తన మీదున్న బొమ్మని చూసుకుంటుంది, ముందున్న మనిషిని చూస్తుంది, కుదిరితే తెరుచుకుంటుంది. మా అక్క వంగలేదు. తొయ్యలేదు. కుదరలేదు.

నలుగురు కలిసి కుర్చీని పక్క తలుపు గడప మీదుగా ఎత్తారు. అక్కతో కలిపి తొంభై కిలోలు. అక్క తల కమ్మీకి కొట్టుకుంది. శ్వాసగదికి చేరేసరికి పదీ ఇరవై ఐదు. పదిహేను నిమిషాలే లాగారు.

4వ రోజు, శుక్రవారం

మళ్లీ ఎర్రదీపం. మేం నిలబడి ఉండగా హనోకు తన కుర్చీ తనే తోసుకుంటూ వచ్చాడు. రెండో మెట్టలో వలలు అల్లుతాడు. రెండు కాళ్లూ లేవు, భుజాలు మాత్రం దుంగల్లా ఉంటాయి. తలుపు అతన్ని చూసి అల్లంత దూరంలోనే తెరుచుకుంది. వెనకే తోసుకుని పోదామని చూశాను. ఒక్కణ్ణి లోపలికి తీసుకుని మూసేసుకుంది. మళ్లీ తెరిపించుకుని ఇటు వచ్చాడు.

"విశాలక్కా, నేను ముందు, మీరు వెనక అంటే కుదరదు. అది లెక్కపెడుతుంది."

"ఈ బొమ్మ మీద నీకు కోపం రావట్లేదా" అన్నాను.

"రాదక్కా. పదేళ్లు ఆ కూర్చున్న బొమ్మ కింద నుంచి పోయాను. నన్ను చూసినవాళ్లంతా అయ్యో అనేవాళ్లు. ఇప్పుడు తప్పుకోండి, వస్తున్నాడు అంటున్నారు. ఈ బొమ్మ నాది."

"బొమ్మ నీదే నాయనా" అంది అక్క. "తలుపు కూడా నీదేనా?"

గడప మీదుగా కుర్చీ ఎత్తినప్పుడు ముందు చక్రం పట్టుకున్నది అతనే.

8వ రోజు, మంగళవారం

శ్వాసగది నుంచి తిన్నగా గుర్తుల శాఖకి వెళ్లాం. అధికారి ప్రసన్నకుమార్ నెమ్మదైన మనిషి. అక్కకి మంచినీళ్లు తెప్పించాడు. అలాంటివాళ్లతోనే కష్టం, అరవడానికి వీలుండదు.

"తలుపులో తప్పేం లేదండీ విశాల గారూ. బొమ్మ ఎలా ఉందో అలాగే చేస్తోంది."

"మా అక్క పేరు చేర్చి తెరవమని దానికి చెప్పండి."

"తలుపు చెవిలో చెప్పకూడదు కదండీ. బహిరంగ ఆజ్ఞ చట్టం. తలుపు తన మీద గీసిన బొమ్మ తప్ప వేరే ఆజ్ఞ వినకూడదు. ఆ చట్టం కోసం నిరాహారదీక్ష చేసింది మీరే."

చేశాను. పద్దెనిమిది రోజులు. అంతకు ముందు తలుపుల లోపల జాబితాలుండేవి. ఏ వాడవాళ్లకి ఎంతసేపు తెరవాలో, ఎవరికి అసలు తెరవక్కర్లేదో లోపల రాసి ఉండేది. అడిగితే యంత్రం అనేవాళ్లు. కనబడని ఆజ్ఞ చెల్లదని కొట్లాడాం. గెలిచాం. ఇప్పటికీ అది సరైన చట్టమే అంటాను.

"అయితే బొమ్మ మార్చండి."

"సర్వసభ మార్చాలి. ఇంకా పదకొండు నెలలుంది. అయినా..." అని సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అక్క మెడ వంచి చదివింది. కూర్చున్న బొమ్మ కూలాలి, అన్న కరపత్రం. వికలాంగుణ్ణి ఎవరో తెచ్చి పెట్టిన సామానులా చూపించే ఆ నిశ్చల చిత్రాన్ని చెరిపేయాలి, కదిలే మనిషిని గీయాలి, అని ఉంది. కింద నా సంతకం.

నేను అది రాసేనాటికే మా అక్క కదల్లేని మనిషి. నేనే తోస్తున్నాను. పక్క గదిలోనే పడుకుని ఉంది. రాసింది నేను.

"బాగా రాశావే" అంది అక్క.

లేవబోతుంటే ప్రసన్నకుమార్ మెల్లిగా అన్నాడు. "ఆవిణ్ణి కొంచెం ముందుకి వంచి చూడండి. తలుపుకి సరిపోవచ్చు."

11వ రోజు, శుక్రవారం

అక్క పాత చీర చింపాను. ఒక పేలిక ఛాతీకి వేసి ముందుకి వంచి కుర్చీ కమ్మీకి కట్టాను. రెండు పేలికలతో చేతులు చక్రాల పై అంచుకి వదులుగా కట్టాను. కుర్చీ కదిలితే చేతులు కూడా కదులుతాయి. నేను తోస్తున్నట్టు కనబడకుండా వంగి, వెనక చక్రం పక్కనుంచి తోశాను.

ఆకుపచ్చ దీపం.

అవతలికి వెళ్లాక కట్లు విప్పడానికి ఆరు నిమిషాలు.

15వ రోజు, మంగళవారం

కట్టాను. ఆకుపచ్చ.

18వ రోజు, శుక్రవారం

కట్టాను. ఆకుపచ్చ. ఎడమ మణికట్టు ఒరుసుకుంది. పేలిక కింద దూది పెట్టాలి.

22వ రోజు, మంగళవారం

కట్టాను. దారిలో ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూసి, "ఎంత ధైర్యం, తనే తోసుకుని పోతోంది" అనుకున్నారు. ఆకుపచ్చ.

శ్వాసగది నర్సు అడిగింది, వచ్చేసరికి ఈవిడ ఊపిరి ఎందుకిలా అయిపోతోందని. పొట్ట మీద వంచి కట్టేస్తే ఊపిరితిత్తులకి చోటుండదు. ఊపిరి కోసం వెళ్లాలంటే ఊపిరాడకుండా కట్టుకుని వెళ్లాలి. నాకేమీ అనిపించలేదు. కట్టడం, విప్పడం, పేలికలు ఉతికి ఆరేయడం. అదీ ఒక పనిగా కుదిరిపోయింది.

25వ రోజు, శుక్రవారం

తలుపు దాటేసరికి అక్క పెదవులు నల్లబడ్డాయి. కట్లు విప్పలేక పళ్లతో కొరికాను. శ్వాసగదిలో గంటన్నర ఉంచేశారు. ఊపిరి అందాక అక్క అన్న మొదటి మాట:

"నన్ను బొమ్మని చెయ్యకే విశాలా."

"మరి ఎలా వెళ్తావు?"

"అది నువ్వు ఆలోచించు. కరపత్రాలు రాసేది నువ్వు కదా."

29వ రోజు, మంగళవారం

కట్టలేదు. తలుపు ముందు వెళ్లి కూర్చున్నాం, ఎత్తేవాళ్లెవరైనా వస్తారని. నలుగురు దొరకలేదు. తొమ్మిదిన్నరకి మీరావలి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. మెట్టల మీద బొమ్మలన్నీ వేసేది ఆయనే. స్టెన్సిల్, కుంచె, నీలం డబ్బా, తెల్ల డబ్బా. ఉప్పుగాలికి పెచ్చులూడిన చోట మళ్లీ అద్దుతాడు.

"జరగండమ్మా, చెయ్యి వెయ్యాలి" అని బొమ్మ మీద తెల్ల పెయింటు ఒక్క గీత లాగాడు.

దీపం ఆరిపోయింది. తలుపు మెల్లిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఇదేంటి బాబాయ్" అంది అక్క.

"తడి బొమ్మ చదవదమ్మా ఇది. చదవలేని బొమ్మ ఆజ్ఞ కాదంట. ఆజ్ఞ లేకపోతే తెరిచుండాలంట. చట్టంలో ఉంది." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరే రాయించారంటారు కదా."

నేను రాయించానో లేదో నాకు గుర్తు లేదు. పదిహేడో నిబంధన అయ్యుంటుంది.

"ఆరడానికి ఎంతసేపు?"

"గాలిని బట్టి. గంట." కుంచె డబ్బాలో ముంచి, అంచు మీద మూడుసార్లు రాసి, మా అక్క మణికట్టు వైపు చూశాడు. అక్కడ పుండు మానలేదు. "నా చెయ్యి నెమ్మదమ్మా. ఈ తలుపు మీద బొమ్మ మంగళవారం, శుక్రవారం పాడవుతూ ఉంటుంది. ఇది ఉప్పు మూల. ఆయ్."

మేం వెళ్లొచ్చేదాకా ఆయన బొమ్మ మోచేతినే దిద్దుతూ ఉన్నాడు.

32వ రోజు, శుక్రవారం

మీరావలి వచ్చాడు. వెళ్లాం, వచ్చాం. పది గంటలకి నలభై నిమిషాలు లాగారు. మధ్యాహ్నం అక్క ఎండురొయ్యల పులుసు అడిగింది.

46వ రోజు, శుక్రవారం

తడి తలుపు సంగతి పాకింది. ఇవాళ మా వెనక పదహారు మంది ఉన్నారు. నిండు నెలల ఆవిడ. మోకాళ్లు పోయిన ముసలాయన. కాలు విరిగిన మేస్త్రీ. గడప దాటడానికి రోజూ ఇబ్బంది పడుతూ, వాలు తలుపు మీద బొమ్మ తమది కాదని ఇన్నేళ్లూ పక్కనుంచి పోయినవాళ్లు. హనోకు కూడా వచ్చాడు. అతనికి ఎప్పుడైనా తెరుచుకుంటుంది, అయినా వరసలో ఉన్నాడు. తోపుడు బండి ఒకటి దూరబోతే దాన్ని ఆపింది అతనే.

నాలుగో మెట్టలో కాపురముండే ఒకావిడ గొడవకి వచ్చింది. "రెండేసి గంటలు బార్లా తీసి పెడితే ఉప్పంతా మా ఇళ్లలోకే. గిన్నెలు తుప్పు పడుతున్నాయి."

"మా అక్క ఊపిరితిత్తులు అంతకన్నా ముందే తుప్పు పట్టాయండి" అన్నాను.

"నాకు మీ అక్క మీద కక్షా? ఇంకో తలుపు అడ్డం పెట్టించమనండి, ఉప్పు ఆగుతుంది. ఆ మాట మీరే అడగాలి. నేనడిగితే ఎవరు వింటారు."

ఆవిడ అన్నది నిజం. నేను కరపత్రంలో గిన్నెల గురించి ఎప్పుడూ రాయలేదు.

60వ రోజు, శుక్రవారం

మీరావలి పని చేస్తుంటే అక్క అంది: "బాబాయ్, స్టెన్సిల్ లేకుండా గీయగలవా? నన్ను చూసి."

ఈ పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో గీశాడు. తల కొంచెం పక్కకి వాలి ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. వెనక నేను, కుర్చీ పట్టుకుని. ఇద్దరి బొమ్మ. చాలా బాగుంది. నేను ఇదే సర్వసభకి పెడదాం అన్నాను. కొత్త కరపత్రం అప్పటికే నా తలలో సగం రాసేశాను.

అక్క చాలాసేపు చూసింది.

"ఇది తలుపు మీదికెక్కితే ఎవరికి తెరుచుకుంటుంది?"

"నీకు."

"నువ్వు జ్వరమొచ్చి పడుకుంటే? నన్ను హనోకు తోస్తే? ఆ కడుపుతో ఉన్నావిడ వస్తే? తోడు లేనివాళ్లు వస్తే?" ఊపిరి తీసుకుంది. "ఎవరి బొమ్మ గీసినా ఇంకొకళ్లు బయటుంటారే. బొమ్మ ఉండాల్సింది దారి చూపించడానికి. ఇదిగో ఇటు గడప లేదు, రండి, అని మనుషులకి చెప్పడానికి. నువ్వు దాన్ని కాపలా పెట్టావు."

మీరావలి కుంచె కడుగుతున్నాడు. "మా నాన్న రోజుల్లో బొమ్మ మనుషులు చూసుకోడానికే వేసేవాళ్లమమ్మా. తలుపులు చూసేవి కావు" అన్నాడు.

64వ రోజు, మంగళవారం

తలుపు పక్కన కాగితం అంటించారు. వచ్చే సోమవారం సాయంత్రం నుంచి గుర్తులన్నీ స్టిక్కర్లు. పెయింటు వాడకూడదు. స్టిక్కరు తడవదు, పెచ్చులూడదు, పదేళ్లు ఉంటుంది. బొమ్మ అదే, వంగి తోసేది.

మీరావలిని పడవల మీద నంబర్లు వెయ్యడానికి కింది రేవుకి వేశారు. ఇవాళే ఆఖరి రోజు. డబ్బాలో మిగిలిన తెలుపంతా మోచేతి మీద పోశాడు. మూడు గంటలు ఆరలేదు. వెళ్తూ గీకుడు బిళ్ల ఒకటి కుర్చీ సంచిలో వేశాడు. పాత పెయింటు లేపే ఇనప బిళ్ల.

"నాకిక దీంతో పని లేదమ్మా. పడవలు కొత్తవి" అన్నాడు.

67వ రోజు, శుక్రవారం

తొమ్మిదింటికి వెళ్లాం. ఎర్రదీపం. బిళ్ల తీశాను. నిజం రాయాలంటే చేతులు ఆడలేదు. ఆ బొమ్మకి నేను మూడేళ్లు తిరిగాను. అది వచ్చిన రోజు ఏడ్చాను కూడా.

"గీకు" అంది అక్క.

మోచెయ్యి ముందు లేచింది. తర్వాత భుజం, తల, చక్రంలో కోతలు. కింద పాత బొమ్మ బయటపడింది, నిటారుగా కూర్చున్నది. ఒక్క క్షణం దీపం ఆకుపచ్చ అయింది. అక్క దాన్ని చూసింది.

"దాన్ని కూడా" అంది.

"నీకు సరిపోయేది అక్కా ఇది. ఇది ఉంచితే చాలు."

"నా వెనక వరసలో ఉన్నవాళ్లకో?"

గీకాను. నీలం కూడా లేపేశాను. ఉత్త ఇనుము మిగిలింది. దీపం ఆరిపోయి తలుపు తెరుచుకుంది. చదవడానికి ఏమీ లేదు. ఆరడానికి కూడా ఏమీ లేదు. ముందు శ్వాసగదికి వెళ్లొచ్చాం, నలభై నిమిషాలు.

తిరిగొచ్చేసరికి ప్రసన్నకుమార్ ఉన్నాడు. వెనక ఇద్దరు మనుషులు, చేతిలో స్టిక్కరు చుట్ట.

"ఇది నేరమండీ విశాల గారూ."

"ఏ ఆజ్ఞ మీరానో తలుపు మీద చూపించండి."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. స్టిక్కరు అంటించాలంటే తలుపు మూయాలి. తలుపు మూయాలంటే మా అక్క తప్పుకోవాలి. అక్క కుర్చీ సరిగ్గా వాకిట్లో ఉంది. నేను తొయ్యలేదు. ఆ ఇద్దరూ ముందుకొచ్చారు.

"ముట్టుకోకండి బాబూ, నన్ను కదపాలంటే ఎలా పట్టుకోవాలో మా చెల్లికే తెలుసు. అది కదపదు" అంది అక్క.

హనోకు వచ్చి పక్కన ఆగాడు. నిండు నెలల ఆవిడ ఈసారి బిడ్డతో వచ్చింది. గిన్నెలావిడ కూడా వచ్చింది, ఉప్పు సంగతి మర్చిపోవద్దని నాకు మళ్లీ చెప్పి, అక్కడే కూర్చుంది. సాయంత్రానికి ప్రసన్నకుమార్ స్టిక్కరు చుట్ట తీసుకుని వెళ్లిపోయాడు. సోమవారం నాలుగింటికి విచారణ. అప్పటిదాకా తలుపు ఎలా ఉందో అలాగే. ఆ తర్వాత స్టిక్కరు.

68వ రోజు, శనివారం

ఇరుసులు తుడిచాను. నూనె వేశాను. ఈ పేజీలు అంటించడానికి గంజి కాచాను.

మీరు అని మొదలుపెట్టాను. ఆ చెయ్యెత్తినవాళ్లలో ముందు వరసలో ఉన్నది నేను. అందుకని మీ తప్పు తగ్గదు. విచారణకి రండి. రాకపోతే కనీసం తొమ్మిదో తలుపు దగ్గర ఒకసారి నిలబడండి. మేం అడుగుతున్నవి ఇవి:

1. తొమ్మిదో తలుపు మీద స్టిక్కరు వెయ్యకూడదు.

2. వాలు తలుపులు ఏ బొమ్మతోనూ మనిషిని సరిచూడకూడదు. ఎవరొస్తే వాళ్లకి తెరుచుకోవాలి.

3. బొమ్మ గోడ మీద, దారి మొదట్లో, మనుషులకి కనబడేలా ఉండాలి. హనోకు బొమ్మ కావాలంటే అదే ఉంచండి. దారి చూపిస్తే చాలు.

4. ఉప్పు ఆగడానికి ప్రతి వాలు తలుపుకీ లోపల ఇంకో తలుపు కట్టాలి. తోపుడు బళ్లకి వేరే దారి ఇవ్వాలి.

5. గడపలు తీసెయ్యాలి. ఒక్కసారే కాకపోతే నెలకి ఒకటి.

6. మీరావలిని రేవు నుంచి వెనక్కి పిలవాలి.

7. తోడు పుస్తకం నియమం ఎత్తెయ్యాలి.

8. మంగళవారం పదింటికి మా అక్కకి శ్వాసగది ఉంది. పైవాటిలో ఏది ఆలస్యమైనా, ఆ లోపు తలుపు తెరిచి ఉండాలి. చీర పేలికలు పారేశాను.